మూడూళ్ల ట్యాంకు

మామ చనిపోయిన సంగతి మా వీధికి టీవీ చెప్పింది. శనివారం మధ్యాహ్నం రెండున్నరకు నాలుగిళ్లలో నాలుగు టీవీలు ఒకేసారి ఆగిపోయాయి. మా టీవీలో ఏదో జానపద సినిమా. రాజుగారు కత్తి ఎత్తారు, దించలేదు. తెర మధ్యలో 'సర్వర్ అందుబాటులో లేదు' అని వచ్చింది. నేను లుంగీ బిగించుకుని రెండిళ్ల అవతల ఉన్న ఆయన ఇంటికి ఫిర్యాదు చేయడానికి పోయాను. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు. వచ్చేవాళ్లకు గాలి తగలాలని ఎవరో పెద్ద ఫ్యాను తెచ్చి, ప్లగ్గు దొరక్క, సర్వర్ ప్లగ్గు పీకి అందులో పెట్టారు.

'మామా, ట్యాంకు ఆగింది' అనబోయి ఆగాను. అన్నం తిని పడుకున్నాడట, నిద్రలో ఉన్నాడనుకుని అత్త గంటసేపు లేపలేదట. నేనూ ఒక కుర్చీ తీసుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఫ్యాను బాగానే తిరుగుతోంది.

ట్యాంకు అనే పేరు పెట్టింది ఆయనే. అసలు వస్తువు ఒక పాత ఆఫీసు కంప్యూటరు. పక్క మూత లేదు. లోపల నాలుగు హార్డ్ డిస్కులు. వంటింట్లో ఫ్రిజ్ నెత్తిన, అత్త అల్లిన లేసు గుడ్డ కప్పుకుని ఉండేది. సినిమాలు, పాటలు, ఆయన తీసిన పెండ్లి వీడియోలు అన్నీ దాంట్లో. ఏ టీవీలో అడిగితే ఆ టీవీలో ఆడేవి. వైఫై అందినంత మేరా, అందని చోట పిట్టగోడల మీదుగా లాగిన వైరు మేరా మా నాలుగిళ్లకు అదే సినిమాహాలు.

"మిద్దె మీద ట్యాంకు ఒకటే గదప్పా," అనేవాడు అడిగినవాళ్లతో. "కొళాయిలు ఎన్నన్నా పెట్టుకో. నీళ్లు రాకుంటే నన్నడుగు."

కువైట్‌లో ఆయన కారు నడిపిన ఇంట్లో ఇలాంటి పెట్టె ఉండేదట. అన్ని గదులకూ ఒకటే పెట్టె. అక్కడ ఏళ్లతరబడి ఉండి ఆయన తెచ్చుకున్నది ఒక దుప్పటి, రెండు హార్డ్ డిస్కులు, ఈ ఆలోచన. ప్రొద్దుటూరులో పుట్టి, కువైట్ పోయి, బంగారం తేని మనిషిని నేను ఆయన్నొక్కణ్నే చూశాను. తిరిగొచ్చాక పెండ్లి వీడియోలు తీశాడు. మసీదు వీధి నిఖాలు, చాపాడు రెడ్ల పెండ్లిళ్లు, మా చర్చిలో పెండ్లిళ్లు, ఏదైనా సరే. తీసిన ప్రతిదీ ట్యాంకులో వేశాడు. పెండ్లివాళ్లు తమ కాపీ పోగొట్టుకుని వస్తే, ముందు అరగంట తిట్టి తర్వాత ఇచ్చేవాడు.

నేను ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివాను. చదివింది సివిల్. మా వీధికి ఆ తేడా పట్టదు, ఇంజనీరు అంటే వైఫై బాగుచేసేవాడని లెక్క. మామ కూడా ట్యాంకు సెట్టింగులకు నన్నే పిలిచేవాడు. పిలిచి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, అన్నీ తనే చేసేవాడు. నేను తలూపాలి. అదీ నా ఉద్యోగం.

ఒకరోజు ట్యాంకుకు నెట్‌వర్క్‌లో అడ్రసు ఇచ్చే పని పడింది.

"చివర్న ఏడొందల ఎనబై ఆరు పెట్టు," అన్నాడు. మామ అన్నది వీధి వరస; వాళ్లు ముస్లింలు, వాళ్లకది శుభమైన అంకె.

"పెట్టలేం మామా. రెండొందల యాబై నాలుగు దాటదు."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలా. లెక్క అట్లుంది."

"లారీల మీద రాస్తారు, ఆటోల మీద రాస్తారు, యాడా పట్టకుండా లేదు. నీ కంప్యూటర్‌కేం రోగం?"

రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు ఆయనే వచ్చాడు. "ఏడూ ఎనిమిదీ ఆరూ కలిపితే ఇరవై ఒకటి. ఇరవై ఒకటన్నా పడతాదా, దాని తాతను పిలవాల్నా?" అన్నాడు. పడుతుందన్నాను. ఈ రోజుకూ దాని అడ్రసు చివర ఇరవై ఒకటే.

డిస్కులకు చెవి పెట్టి వినేవాడు. కళ్లు మూసుకుని, డాక్టరు లాగా వేలు పైకెత్తి అందరినీ ఊరుకోమని. "ఇది దగ్గుతాండాది," అనేవాడు. అన్నాక వారంలో అది చచ్చేది. నేను అదే డిస్కుకు చెవి పెడితే నాకు పక్కనున్న ఫ్రిజ్ తప్ప ఏమీ వినపడేది కాదు.

ఆయన పని పద్ధతిలో అసలైనది ఇంకోటి ఉంది. "ఒగ ఊర్లో ఉంటే లేనట్టే. రెండూర్లలో ఉంటే అనుమానం. మూడూర్లలో ఉంటే అప్పుడు ఉన్నట్టు," అనేవాడు. అందుకని జమ్మలమడుగులో వాళ్లక్క ఇంట్లో ఒక చిన్న పెట్టె, పులివెందులలో తమ్ముడి ఇంట్లో ఒక చిన్న పెట్టె పెట్టాడు. ప్రొద్దుటూరులో ఏముందో ఆ రెండిట్లోనూ అదే ఉండాలి. ఇక్కడ కొత్త పెండ్లి చేరితే అక్కడా చేరాలి. వాళ్లు కూడా వాటికి టీవీలు తగిలించుకుని చూసుకునేవాళ్లు. మామూలుగా ఇలాంటివి ఇంటర్నెట్‌లో జరుగుతాయి. మామవి బస్సులో జరిగేవి.

నెలకోసారి ఒక డిస్కులోకి అంతా ఎక్కించి, పసిపిల్లల ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, టిఫిన్ క్యారియర్ నడిమి గిన్నెలో పెట్టేవాడు. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో ఊరగాయ. బస్సులో వెనక చక్రం మీది సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. డిస్కుకు కుదుపు తగులుతుందని నిలబడే పోయేవాడు.

"నెట్టులో పంపొచ్చు గదా మామా?" అన్నాను ఒకసారి.

"పంపొచ్చు. చేరిందని యాడ తెలుస్తాది? నేను పోతే, నేను చేరినట్టు నాకు తెలుస్తాది."

 

ఇక ఆయన ఎవరికీ చేయని పని ఒకటే, తుడిచేయడం. "పెట్టేది నా పని. తీసేది నా పని గాదు," అనేవాడు. డిస్కు నిండితే ఇంకో డిస్కు కొన్నాడు గానీ, ఎవరి పెండ్లిలోంచీ ఒక్క క్షణం తీయలేదు. విడిపోయినవాళ్ల పెండ్లిళ్లు, చనిపోయినవాళ్ల పెండ్లిళ్లు, రెండో పెండ్లి చేసుకున్నవాళ్ల మొదటి పెండ్లిళ్లు అన్నీ వరసగా ఉండేవి. వాటిలో మా అక్కదీ ఒకటి.

అక్క పెండ్లి ఏడేళ్ల కింద జరిగింది. ఎనిమిది నెలలు నిలబడింది. వీడియో ఇంకా నిలబడే ఉంది. మా ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్‌ను పెన్నలో పారేస్తానని అక్క బయల్దేరింది. పెన్నలో నీళ్లు లేవు. వెనక్కొచ్చి మున్సిపాలిటీ చెత్తబండిలో వేసింది. ఆ వీడియో మామ ట్యాంకులో ఉందని మాకు తెలుసు గానీ, ఆ సంగతి ఎవరం ఎత్తలేదు. పెండ్లయిన మరుసటేడు నాయన పోయాడు. నాయన బడిపంతులు, ఊరంతా ఆయన్ను సార్ అనేది. తర్వాత అక్కకు కూడా టీచరు ఉద్యోగం వచ్చింది, పులివెందులలో.

అక్కడ గది చూసిపెట్టింది మామే. తన తమ్ముడి పక్కిల్లు, మంచివాళ్లు, భయం లేదు అన్నాడు. ఆ తమ్ముడింట్లో ట్యాంకు ఉంది, ట్యాంకులో ఈ అమ్మాయి పెండ్లి ఉంది అని ఆయనకు తెలియదా? తెలుసు. తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను ఇంజనీర్నాయె.

తమ్ముడి భార్యకు సీరియళ్లంటే పడదు, అవి అయిపోవని. పెండ్లి వీడియోలైతే సాయంత్రానికి అయిపోతాయి. చీరలు, నగలు, విస్తళ్లు చూస్తూ ముక్కూమొహం తెలియనివాళ్ల పెండ్లిళ్లన్నీ చూసింది. అక్క చేరిన పదో రోజు టీకి పిలిచింది. అక్క పోయేసరికి టీవీలో అక్క పెండ్లి నడుస్తోంది.

"కూర్చో టీచరమ్మా," అందట ఆవిడ. "ఈ పిల్లను జూడు, ఎంత సక్కగా నవ్వుతాండాదో. మూడుసార్లు చూసినా ఇది. ఎవురి బిడ్డో ఏమో."

అక్క చిక్కిపోయింది, కళ్లద్దాలు వచ్చాయి. ఆవిడ పోల్చలేదు. "చక్కెర కొంచెం తక్కువెయ్యత్తా," అంది అక్క. టీ తాగి, గ్లాసు కడిగిపెట్టి, గదికి వచ్చి నాకు ఫోన్ చేసింది. పులివెందులలో ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది.

"చీర బాగుందన్యాదా?" అన్నాను.

"అంచు శానా పెద్దదైందంట."

 తర్వాత అక్క అంది, "నేనట్ల నవ్వినట్టు ఎవురూ చూడకూడదురా. ఈడ అసలు చూడకూడదు. రేపు బళ్లో పిల్లోల్ల అమ్మలు చూస్తారు. తుడిచేయమని మామకు చెప్పు."

"నువ్వే చెప్పు. నేను చెప్తే ఇరవై ఒకటి అంటాడు."

ఆదివారం అక్క వచ్చింది. మామ ఫ్రిజ్ ముందు స్టూలెక్కి డిస్కుకు స్క్రూలు బిగిస్తున్నాడు.

"మామా, నా పెండ్లి తుడిచెయ్."

"అన్నం తింటివా అమ్మీ?"

"తిన్నా. తుడిచెయ్."

"యాడ చూసినావు?"

అక్క చెప్పింది. ఆయన స్టూలు దిగాడు. స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, చివరికి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"గది నేనే చూపిస్తి గదా," అన్నాడు. మళ్లీ, "తాళం ఏస్తా అమ్మీ. పాస్‌వర్డు పెడతా. ఎవురికీ కనపడదు."

"ఉంటాది గదా."

"ఉంటాది."

"ఉండకూడదు."

"దాంట్లో మీ నాయన ఉండాడు," అన్నాడు మామ. "మీ ఇంట్లో ఫొటోలుండాయి, సరే. ఫొటోలో మనిషి నిలబడుకోని ఉంటాడు, అంతే. నడిచే నాయన, మాట్లాడే నాయన యాడుండాడు చెప్పు? ఈడొక్క చోటే."

నిజమే. నాయన ఫోను ముందుకు రానిచ్చేవాడు కాదు. ఒకటీ అరా తీసినవి పాత ఫోన్లతో పాటే పోయాయి.

"నాయనను చూడాలంటే వాన్ని గూడా చూడాల్నా?" అంది అక్క.

 ఇలాంటిచోట ఊరికే ఉండటం నాకు చేతకాదు. "దాంట్లో బావ మూడు గంటలుండాడు, నాయన పావుగంట ఉండాడు. పావుగంట కోసం మూడు గంటల టికెట్టు," అన్నాను.

అక్క నా వైపు చూడలేదు. మామ చూశాడు. "పావుగంట ఉంటాదా?" అన్నాడు.

నేను జోకు వేశాను. ఆయన లెక్క వేసుకున్నాడు.

నెల పట్టింది. ఆ నెలంతా మధ్యాహ్నాలు నన్ను పిలిచి తెర మీద ఒక ముక్క ఆపి చూపించేవాడు. "ఈ మోచెయ్యి ఎవురిది? మీ నాయనదా, వానిదా?" వాచీ పట్టీని బట్టి చెప్పేవాణ్ని. తోలు పట్టీ అయితే నాయన, స్టీలు పట్టీ అయితే కోత. నాయన పక్కన బావ నిలబడిన చోట నాయన ఒక్కడే ఉండేట్టు బొమ్మను దగ్గరికి లాగేవాడు. నాయన అక్క తల మీద చెయ్యి పెట్టిన చోట చెయ్యి, మల్లెపూలు, అంతే. అక్క మొహం కూడా ఎక్కడా లేదు. మూడు గంటల పది నిమిషాల పెండ్లి కాస్తా పెండ్లికూతురు, పెండ్లికొడుకు లేకుండా పదకొండు నిమిషాలకు దిగింది.

"పావుగంట అంటివే," అన్నాడు నాతో.

"అంచనా మామా. సివిల్లో అంతే."

పాతది తుడిచేటప్పుడు నన్ను పక్కన నిలబడమన్నాడు. ఎందుకో చెప్పలేదు. నొక్కాడు. వెంటనే లేచి పోయి చేతులు కడుక్కుని వచ్చి, ట్యాంకు మీద లేసు గుడ్డ సరిచేశాడు. గురువారం క్యారియర్ కట్టుకుని జమ్మలమడుగు పోయి, అక్కడా తుడిచి వచ్చాడు. ఇంతకాలం ఆ ఊళ్లకు పెట్టడానికి పోయిన మనిషి, తీయడానికి పోవడం అదే మొదలు. పులివెందులకు సోమవారం పోతానన్నాడు. మధ్యలో శనివారం వచ్చింది.

పది రోజుల తర్వాత అత్త పిలిచి క్యారియర్ నా చేతిలో పెట్టింది. కింది గిన్నె, పై గిన్నె ఖాళీ. నడిమి గిన్నెలో ఫ్లానెల్ గుడ్డ.

"సోమారం పోవాల్సిన్యాడు," అంది. "మొగుడు పోతే మా ఆచారంలో ఇల్లు దాటగూడదు నాలుగు నెలలు. నువ్వు పోయొస్తావా? ఆ అమ్మీకి మాట ఇచ్చినాడంట."

"పోతా అత్తా."

"అన్నం పెట్టియ్యాల్నా కింది గిన్నెలో?"

"వద్దత్తా."

ఆవిడ వినలేదు, పెట్టింది.

బస్సులో వెనక చక్రం మీది సీటు ఒక్కటే ఖాళీ. ముద్దనూరు దాకా నిలబడ్డాను. తర్వాత కాళ్లు నొప్పి పుట్టి కూర్చున్నాను. క్యారియర్ ఒళ్లో పెట్టుకున్నాను కాబట్టి కుదుపు నాకు తగిలి, మిగిలింది దానికి తగిలి ఉంటుంది. పక్కనున్నాయన ఏం కూర అని అడిగాడు. పెండ్లి అని చెప్తే నమ్మడని వంకాయ అన్నాను.

పులివెందులలో మామ తమ్ముడు అంగడికి పోయాడు. ఆయన భార్య నన్ను లోపలికి రమ్మని, తన బావ, అంటే మా మామ, పని చేయడానికి వచ్చినవాణ్ని కాబట్టి ఏమీ అడగకుండా వంటింట్లోకి పోయింది. బడి వదిలాక అక్క వచ్చింది. డిస్కు తగిలించాను. మామ రాసిపెట్టుకున్న పద్ధతి ప్రకారం నొక్కుకుంటూ పోతే చివరికి తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఒక ఫైలు చేరుతుంది, ఒక ఫైలు పోతుంది, సరేనా అని.

"నొక్కు," అంది అక్క.

"నువ్వు నొక్కు."

"ఇంజనీరువు నువ్వు గదా."

"సివిల్."

ఆమే నొక్కింది. జమ్మలమడుగులో లేదు, ప్రొద్దుటూరులో లేదు, ఇక్కడా లేదు. రెండు సెకన్లు పట్టింది. అక్క మంచం పట్టె మీద అలాగే కూర్చుంది. నెత్తి మీది బరువు దిగినవాళ్లు ఊపిరి వదులుతారంటారు. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంది, అంతే.

"ఇంగ ఆ పదకొండు నిమిషాలు పెట్టు," అంది.

పెట్టాను. నాయన చర్చి మెట్ల మీద ఎవరిదో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, ఎందుకో ఎవరికీ తెలియదు. నాయన విస్తరి ముందు కూర్చుని పక్కాయనకు పప్పు వేయమని వడ్డించేవాడి మీద కేకలేశాడు. నాయన జేబులో అద్దాలు వెతుక్కున్నాడు, అవి ముక్కు మీదే ఉన్నాయి. అక్క చూస్తోంది. నేను కొంచెం ఆమెను, కొంచెం టీవీని చూస్తున్నాను. రెండు చోట్లా ఏమీ జరగడం లేదు.

తర్వాత ప్రార్థన వచ్చింది. మామకు ఒక అలవాటు ఉండేది. ఏ మతం పెండ్లయినా, ప్రార్థన మొదలైతే కెమెరా దించేసేవాడు, దేవుని దగ్గర మాట్లాడే మనిషి మొహం మీద లైటు కొట్టగూడదని. దించేవాడే గానీ ఆపేవాడు కాదు, ఆపే బటను మర్చిపోయేవాడు. అందుకే ఆయన తీసిన ప్రతి పెండ్లిలోనూ ప్రార్థన ఉన్నంతసేపూ నేల, పాదాలు మాత్రమే ఉంటాయి. ఇవి కోయలేదు. పదకొండు నిమిషాల్లో నాలుగు నిమిషాలు ఇవే.

తెర మీద నాయన పాదాలు, సాక్సుల్లో. తెర కింది అంచున ఇంకో రెండు పాదాలు, సాక్సులు లేకుండా. పాస్టరు గారి ప్రార్థన సాగుతోంది. నాయన ఎడమ సాక్సుకు బొక్క ఉంది, బొటనవేలు బయటికి వచ్చి ఉంది. కుడి పాదం మెల్లగా వచ్చి దాన్ని కప్పింది. ప్రార్థన పొడుగైంది. కుడి పాదం అలిసిపోయి వెనక్కి పోయింది. వేలు మళ్లీ బయటపడింది.

"సార్," అని మామ గుసగుస. "ఏలు కనపడతాండాది."

"తెలుసులేప్పా," నాయన గొంతు. "కెమెరా దించినావా?"

"దించినా సార్."

"మంచిది."

వేలు ధైర్యంగా రెండుసార్లు అటూ ఇటూ ఆడింది.

అక్క నవ్వింది. ముందు ముక్కులోంచి ఒక చప్పుడు, తర్వాత ఆపుకోలేక, చేత్తో పట్టెను కొట్టుకుంటూ, పళ్లన్నీ కనపడేట్టు నవ్వింది. ఈ నవ్వు విని ఎన్నేళ్లయిందో లెక్క వేయబోయి మానుకున్నాను.

వంటింట్లోంచి తమ్ముడి భార్య వేడి బోండాల గిన్నెతో వచ్చి గుమ్మంలోనే ఆగింది. "ఏంది టీచరమ్మా, కాళ్లు చూసి నవ్వుతాండావు?" అంది. అక్క మొహాన్నే చూస్తోంది. "నువ్వు నవ్వితే నిన్ను యాడనో చూసినట్టుండాదే."

"బజార్లో చూసింటావులే అత్తా," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ, ఇంకా నవ్వుతూనే.

"అయిండొచ్చు." ఆవిడ టీవీ వైపు తిరిగింది. తెర మీద నాలుగు పాదాలు. కాసేపు చూసింది. "కింద ఉండేటివి మా బావ కాళ్లు గదా," అంది. "చిటికెనేలు పక్కకు తిరుక్కోనుండాది చూడు."

మేమిద్దరం చూశాం. తిరిగే ఉంది.

ఆవిడ గిన్నె నేల మీద పెట్టి, టీవీ ముందు చాప మీద కూర్చుంది.

"ఎనక్కి తిప్పప్పా," అంది.

తిప్పాను.